ముడి నుంచి కుట్టు దాకా: అంగస్తంభన లోపానికి రక్తనాళాల శస్త్రచికిత్స

అంగస్తంభన అంటే రక్తం వచ్చి నిలవడం. ధమనుల రక్తంతో స్పంజి వంటి కణజాలం ఉబ్బి, ఆ ఒత్తిడికి సిరలు మూసుకుంటాయి. రాక తగ్గినా పోక ఆగకపోయినా లోపమే. మార్కాపురం, గిద్దలూరు వైపు వాడుకలో ఇది ‘నరాల బలహీనత’. సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటే ఆ నరం సిరే కనుక, మాట మరీ తప్పేమీ కాదు.

శస్త్రవైద్యులు మొదట పట్టుకున్నది పోకను. 1902లో టెక్సస్ వైద్యుడు వూటెన్ అంగం పైభాగపు సిరను ముడివేశాడు. కంభం చెరువు తూము బిగించడం వంటిదే ఈ పని. అయితే ఆ చెరువును నింపే గుండ్లకమ్మలో నీరే రాకపోతే తూము బిగించి లాభం లేదు. ఆ రెండో సంగతిని ఫ్రాన్స్‌లో రెనే లెరిష్ 1923లో ఎత్తిచూపాడు. బృహద్ధమని కింది చీలిక దగ్గర పూడితే తొడల నొప్పితోపాటు స్తంభన కూడా పోతుంది.

రాకను సరిచేయడానికి మరో 50 ఏళ్లు పట్టింది. 1973లో ప్రాగ్‌లో వాత్స్లావ్ మిహాల్ పొత్తికడుపు గోడలోని ధమనిని కిందికి మళ్లించి స్పంజి కణజాలానికే కుట్టాడు. ఆ కలయికలు ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత అదే ధమనిని అంగం పై ధమనికి కలిపాడు. అది ఒకటి రెండు మిల్లీమీటర్ల నాళం. మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుట్టాలి. ప్యారిస్‌లో రొనాల్డ్ విరాగ్ ధమనిని సిరకు కలిపాడు. జూరిక్‌లో డీటర్ హౌరి ధమని, సిర రెండింటినీ కలిపి కుట్టాడు.

ఈ శస్త్రచికిత్సకు పోటీ పుట్టింది కూడా విరాగ్ ఆపరేషన్ బల్ల మీదే. నాళాలను సడలించే పాపావెరిన్ పొరపాటున అంగానికి వెళ్లే నాళంలోకి ఎక్కి స్తంభన కలిగింది. 1982లో ఆయన ఆ సూదిమందును ప్రకటించాడు. 1998లో సిల్డెనాఫిల్ మాత్ర రావడంతో కత్తి అవసరం ఇంకా తగ్గింది.

మధుమేహం, పొగతాగుడు వల్ల నాళాలు పొడవునా సన్నబడతాయి. కొత్త ధమని కుట్టినా రక్తం ముందుకు పోదు. కాబట్టి ఇప్పుడు ఈ శస్త్రచికిత్స ప్రమాదంలో కటి ఎముక విరిగి, ఒకేచోట ధమని మూసుకుపోయిన యువకులకే పరిమితం. మందులు పనిచేయని మిగతావారికి లోపల అమర్చే సాధనాలున్నాయి: 1973లో హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ ప్రకటించిన, ద్రవంతో ఉబ్బే తరహావి, ముంబైలో రూపిన్ షా రూపొందించిన కడ్డీలు. వూటెన్ నాటి సిర ముడి మొదట ఫలించినా, రక్తం వేరే సిరల గుండా మళ్లీ దారి చేసుకుంటుంది. 2018 నాటి అమెరికా యూరాలజీ మార్గదర్శకాలు దాన్ని సిఫారసు చేయలేదు.