జలగర్భమున దేవాలయము: కథయు చరిత్రయు

నీట మునిగిన నగరమును, దాని నడుమ చెక్కుచెదరక నిలిచిన దేవాలయమును గూర్చిన కథలు అనేక జాతుల వాఙ్మయములందు కలవు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో క్రీ. పూ. నాలుగవ శతాబ్దమున రచించిన తిమేయస్, క్రితియస్ సంవాదములందలి అట్లాంటిస్ వృత్తాంతము వానిలో మిక్కిలి ప్రసిద్ధము. ఆ ద్వీపమున పొసైడన్ అను సముద్రదేవతకు ఒక ఆలయము కలదనియు, దాని వెలుపలి భాగము వెండితోను శిఖరములు బంగారముతోను కప్పబడినవనియు, లోకప్పు దంతమయమనియు, రెక్కలుగల ఆరు గుఱ్ఱములను పూన్చిన రథముపై దేవుడు నిలిచియుండెననియు ప్లేటో వర్ణించెను. ఆలయము పొడవు ఒక స్టేడియము, అనగా రమారమి 180 మీటర్లు. వెడల్పు అందులో సగము. ఒక్క పగలు, ఒక్క రాత్రిలో ఆ ద్వీపము సముద్రమున లీనమయ్యెను. ఇంత కొలతతో చెప్పబడిన ఆ ఆలయము మాత్రము ఎక్కడను లేదు. రాజ్యములు మదించి చెడు తీరును బోధించుటకై తత్త్వవేత్త కల్పించిన నాగరికత అదియని నేటి పండితులలో అత్యధికుల మతము.

మన మౌసలపర్వమునందలి ద్వారకాకథయు ఇట్టి అచ్చునందే పోతపోసినట్లుండును. యాదవులు తమలో తాము పోరి నశించిరి. శ్రీకృష్ణ నిర్యాణానంతరము అర్జునుడు మిగిలిన జనమును తోడ్కొని వెడలగా సముద్రము పురమును ముంచెను. తిక్కన తెనిగించిన పదునైదు పర్వములలో ఇదియు ఒకటి యగుటచే తెలుగువారికి ఈ కథ చిరపరిచితము. ఐశ్వర్యము, దానివలన మదము, మదమువలన పతనము, తుదకు జలప్రళయము: ఇది ఈ కథల క్రమము. వీనిలో నీరు న్యాయాధిపతి. తీర్పు ఒక్కసారిగా వెలువడును.

చరిత్రమున జరుగునది ఇట్లుండదు. ఆంధ్రదేశమున నిజముగా నీటి అడుగునకు చేరిన ఒక ప్రాచీన దేవాలయసముదాయము కలదు. అది కృష్ణాతీరమున, నాగార్జునకొండ లోయయందలి విజయపురి. మూడు వైపుల నల్లమల కొండలు, నాలుగవ వైపున కృష్ణానది కల ఈ లోయ క్రీ. శ. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధాని. ఈ వ్యాసమున మేము అచ్చటి దేవాలయములనే తీసికొని, కథకును చరిత్రకును గల భేదమును విచారింపదలచితిమి. విజయపురిని బౌద్ధక్షేత్రముగా మాత్రమే తలచుట మనయందు వాడుకయైనది. దానివలన ఈ దేవాలయములు ఒకసారి నీటిలోను, మరియొకసారి మన విస్మృతిలోను మునిగినవి.

1926లో మద్రాసు శాసనశాఖకు చెందిన ఎ. రంగస్వామి సరస్వతి ఈ లోయలోని శిథిలములను గుర్తించి లోకమునకు తెలిపిరి. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వకములు జరిపెను. స్తూపములు, విహారములు, చెక్కడపు పలకలు వెలికివచ్చినవి. ప్రాకృతశాసనములను ఫోగెల్ ప్రకటించెను. ఈ తొలి త్రవ్వకములలో బయల్పడినవి ప్రధానముగా బౌద్ధ నిర్మాణములగుటచే విజయపురికి బౌద్ధనగరమను పేరు స్థిరపడెను. 1954లో ఆరంభమై 1960 వరకు సాగిన రెండవ త్రవ్వకమున, ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున, లోయ అంతయు క్రమముగా పరిశీలింపబడెను. రాతియుగము మొదలు మధ్యయుగము వరకు నూటికి పైగా స్థలములు తేలినవి. బ్రాహ్మణమతమునకు చెందిన దేవాలయముల సంఖ్యయు, వైవిధ్యమును అప్పుడే తెలియవచ్చెను.

ఇక్ష్వాకులలో మొదటివాడగు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధ వాజపేయములు చేసినవాడు, మహాసేనుని భక్తుడు. ఆతని సోదరి చాంతిసిరి బుద్ధుని మహాచైత్యమునకు దాత్రి. రాజు యాగములు చేయగా, రాజకుటుంబపు స్త్రీలు విహారములకు దానము లిచ్చుట ఈ వంశమున కానవచ్చు విశేషము. ఆతని మనుమడు ఎహువుల చాంతమూలుని కాలమున దేవాలయములు ప్రబలెను. ఆతని పదునొకండవ రాజ్యసంవత్సరమున ఎలిశ్రీ అను సేనాధికారి సర్వదేవాలయమును నిర్మించి, ఆ సంగతిని సంస్కృతపద్యములలో చెక్కించెను. పదునాఱవ సంవత్సరపు శాసనము పుష్పభద్రస్వామి ఆలయమును పేర్కొనుచున్నది. గజపృష్ఠాకారమైన గర్భగృహము, ఎదుట స్తంభమండపము, ధ్వజస్తంభము కల ఈ ఆలయము దక్షిణాపథమున దేవాలయనిర్మాణము తొలినాళ్లలో ఎట్టి రూపము దాల్చెనో తెలుపు అరుదైన సాక్ష్యము. బౌద్ధుల చైత్యగృహమునకును అదియే ఆకారము. ఒకే ఊరి శిల్పులు ఇరుమతములకును పనిచేసిరని ఊహించుట అసంగతము కాదు.

అష్టభుజస్వామి ఆలయశాసనము వీనికంటెను విచిత్రమైనది. ఆభీరరాజగు వసుషేణుని ముప్పదియవ సంవత్సరమున దీనిని చెక్కిరి. అష్టభుజుడగు నారాయణుని ప్రతిష్ఠను చెప్పు ఈ శాసనమున సంజయపురి యవనరాజులు, అవంతికి చెందిన శక రుద్రదాముడు, వనవాసి విష్ణురుద్రశివలానంద శాతకర్ణి పేర్కొనబడిరి. మూర్తి మేడికొయ్యతో చేసినదని పండితులు శాసనపాఠమునకు అర్థము చెప్పిరి. కొయ్యమూర్తి కాలమున కలసిపోయెను. స్వామిపేరు చెక్కిన శంఖ మొకటి మాత్రము త్రవ్వకమున దొరకెను. ఈ సంవత్సరమును క్రీ. శ. 248–249లో మొదలైన శకమునకు చెందినదిగా గణించి క్రీ. శ. 278 అని కొందఱు నిర్ణయించిరి. వసుషేణుని రాజ్యసంవత్సరమని మఱికొందఱందురు. ఏ పక్షమైనను, పశ్చిమమునుండి వచ్చినవారు కృష్ణాతీరపు విష్ణ్వాలయమున తమ పేర్లు నిలుపుకొనిరనుట స్పష్టము.

తెలుగు భాషాచరిత్రమున కృషిచేయువారికి ఈ దేవాలయములు మఱియొక కారణమున ముఖ్యములు. బౌద్ధదానములు ప్రధానముగా ప్రాకృతమున నుండగా, దేవాలయశాసనములు సంస్కృతమును చేపట్టినవి. ఆంధ్రదేశపు శాసనభాష ప్రాకృతమునుండి సంస్కృతమునకు తిరిగిన మలుపు ఈ గుడిస్తంభములమీదనే చూడవచ్చును. రేనాటి చోళుల తెలుగుశాసనములు వెలువడుటకు ఇంకను దాదాపు మూడు శతాబ్దములు గడువవలసియుండెను. అయినను దేశభాష ఇచ్చట మౌనముగా లేదు. అడవి చాంతిసిరి, ఎలిశ్రీ, అనిక్కి వంటి పేర్లు సంస్కృత ప్రాకృతముల నడుమ ఆర్యేతరధ్వనిని వినిపించుచున్నవి. మహాతలవర అను బిరుదమునకును నేటి తలారి శబ్దమునకును సంబంధము కలదని పలువురు పండితులు భావించిరి.

ఇట్టి నగరము ఎట్లు అంతరించెను? ఏ ప్రళయమును దానిని ముంచలేదు. నాలుగవ శతాబ్దారంభమునకు ఇక్ష్వాకుల పేరు శాసనములనుండి తొలగిపోయెను. పలనాటి మంచికల్లున పల్లవ సింహవర్మ శాసనము కానవచ్చుచున్నది. రాజాశ్రయము పోగా గుడులకును విహారములకును పోషకులు లేకపోయిరి. గోడలు కూలెను, ఇటుకలపై మట్టి పేరుకొనెను. నాగరికత ముందు పోయినది. నీరు పదునాఱు శతాబ్దములకు గాని రాలేదు. అది వచ్చినదియు దైవకోపమువలన కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎండిన పొలములకు నీరు కావలెనని, లోయ మునుగునని ఎఱిగియే, మనుష్యులు చేసిన నిర్ణయమది. ఆ నీటివలన పండిన పంటను తిన్న తరములవారము మనము గనుక, ఈ నిర్ణయమును నిందించుట మా ఉద్దేశము కాదు. అది ఏ ఋణమును మనపై మోపెనో చెప్పుటయే ఉద్దేశము.

ఎంచిన కొన్ని కట్టడములను విడదీసి నేడు ద్వీపమైన కొండపైనను, అనుపునందును తిరిగి నిలిపిరి. మఱికొన్నిటికి నమూనాలు చేసిరి. శిల్పములును శాసనములును కొండమీది ప్రదర్శనశాలకు చేరెను. తక్కినది జలగర్భమున నున్నది. సాధారణముగా ఒక పురాతనస్థలమున సందేహము కలిగినచో మరల త్రవ్వి చూడవచ్చును. ఇచ్చట ఆ వీలు లేదు. ఏ గోడ ఏ మట్టిపొరపై లేచెను, ఏ స్తంభము ఏ మండపమునకు చెందెను అను ప్రశ్నలకు ఆనాటి కొలతలు, పటములు, ఛాయాచిత్రములే సమాధానము చెప్పవలెను. అట్టి నివేదిక మొదటి సంపుటము 1975లో వెలువడెను. చారిత్రకయుగమును తెలుపు రెండవ సంపుటము 2006లో గాని రాలేదు. త్రవ్వకము ముగిసి నలువదియాఱేండ్లయినది. ఈ నడుమ ఒక తరము పరిశోధకులు విజయపురి దేవాలయములను గూర్చి సంక్షిప్త నివేదికలతోడనే తృప్తిపడవలసివచ్చెను. నీటికంటె ఆలస్యమే లోతైన మడుగు.

ప్లేటో ఆలయమునకు కొలతలన్నియు కలవు, ఆలయము లేదు. విజయపురి ఆలయము కలదు, దానిని చూచు దారి లేదు. కొలతలు మాత్రము మిగిలినవి. ఈ రెండింటికిని నడుమ గీత గీయునది సాక్ష్యమొక్కటియే. శాసనము చెక్కిన చేయి, దానిని చదివిన కన్ను, అచ్చొత్తించిన శ్రమ లేకున్నచో, కొన్ని తరముల పిమ్మట అష్టభుజస్వామియు కృష్ణలోని ఒక కథగా మిగిలియుండును. సంపుటములు రెండును నేడు లభించుచున్నవి, శాసనపాఠములు ముద్రితములై యున్నవి. విజయపురి శాసనములలోని వ్యక్తినామములను, బిరుదములను, గ్రామనామములను తెలుగు భాషాదృష్టితో సమగ్రముగా పరిశీలించు పని తెలుగుశాఖలలోని పరిశోధకవిద్యార్థులకు తగినది. దానికి నీటిలోనికి దిగ నక్కరలేదు.