ఇంట్లో చూసేందుకు తెలుగులో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, అనిమే

‘కల్కి 2898 ఏడీ’ 2024 ఆగస్టు 22న ఓటీటీలోకి వచ్చింది. హిందీ డబ్బింగ్ నెట్‌ఫ్లిక్స్‌లో, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళాలు ప్రైమ్ వీడియోలో వచ్చాయి. ‘హనుమాన్’ కూడా అంతే: తెలుగు జీ5లో, హిందీ జియోసినిమాలో వచ్చింది. కాబట్టి మహారాష్ట్ర, ఒడిశాల్లోని మనవాళ్లు ఒక యాప్‌లో హిందీ ఒక్కటే కనిపిస్తే తెలుగు లేదనుకోకుండా మరో యాప్‌లో వెతకాలి. తేజ సజ్జా ‘మిరాయ్’ 2025 అక్టోబరు 10న జియోహాట్‌స్టార్‌లో తెలుగులో వచ్చింది.

అనిమే కావాలంటే క్రంచీరోల్‌లో ‘సోలో లెవలింగ్’కు తెలుగు డబ్బింగ్ ఉంది. ఆడియో మెనూలో తెలుగు ఎంచుకోవాలి. బడిలో కన్నడమో మరాఠీయో చదివే పిల్లలకు మన అక్షరాలు రాకపోయినా, మాట చెవిన పడుతూ ఉంటుంది.