వృథా వేడి విద్యుత్ చక్రాల అడాప్టివ్ నియంత్రణ

పొగగొట్టాల్లో, ఇంజన్లలో పోయే తక్కువ స్థాయి వేడితో కరెంటు తీసే యంత్రాలను ఆ వేడి హెచ్చుతగ్గులకు తగ్గట్టు తమంతట తామే సర్దుకునేలా నడిపే పద్ధతి. 100 డిగ్రీల వేడికీ 30 డిగ్రీల చల్లదనానికీ మధ్య నడిచే యంత్రానికి సిద్ధాంతరీత్యా ఉన్న హద్దే 19 శాతం. చేతికొచ్చేది దాదాపు అందులో సగం. కాబట్టి నియంత్రణలో జారిపోయే ఒక్క శాతం కూడా ఇక్కడ పెద్ద నష్టమే.

ఇంత తక్కువ వేడికి నీటి ఆవిరి పనికిరాదు. త్వరగా మరిగే ద్రవం కావాలి. 1883లో ఫ్రాంక్ ఒఫెల్ట్ నాఫ్తా ఇంజనుకు పేటెంటు తీసుకున్నాడు. 1907లో ఫ్రాంక్ షూమన్ ఫిలడెల్ఫియాలో ఎండతో ఈథర్‌ను మరిగించి ఇంజను తిప్పాడు. ఇలాంటి ద్రవంతో నడిచే చక్రం, అంటే ఆర్గానిక్ ర్యాంకిన్ సైకిల్ (ఓఆర్‌సీ) ఇప్పటి రూపానికి రావడంలో ఇజ్రాయెల్‌కు చెందిన హ్యారీ టాబోర్, లూసియన్ బ్రోనికీల కృషి ముఖ్యం. 1967లో కమ్చట్కాలోని పరతున్కాలో 81 డిగ్రీల ఊటనీటితో కరెంటు తీశారు. ఊటనీటి వేడి దాదాపు నిలకడగా ఉంటుంది గనుక స్థిరమైన గుణకాలతో నడిచే మామూలు పీఐడీ కంట్రోలరు సరిపోతుంది.

అసలు చిక్కు మారే వేడితో మొదలైంది. 1970లలో అమెరికాలో థర్మో ఎలక్ట్రాన్ సంస్థ మ్యాక్ లారీ డీజిల్ ఇంజనుకు ఈ చక్రాన్ని జోడించింది. లారీ గేరు మారినప్పుడల్లా పొగ వేడీ మారుతుంది. సిమెంటు ఫ్యాక్టరీల్లోనూ ఇదే తంతు: కిల్న్ గోడకు పట్టిన పూత ఊడిపడితే క్లింకరు ఒక్కసారిగా కూలర్ మీదికి వచ్చిపడి, అక్కడి గాలి భగ్గుమంటుంది. తాడిపత్రి ప్రాంతంలోని ఆంధ్రప్రదేశ్ సిమెంట్ వర్క్స్‌లోనూ ఓఆర్‌సీ ప్లాంటు పెట్టారు.

అలాంటి క్షణంలో ఎవాపరేటర్ గొట్టాల్లో ద్రవం మరిగే భాగం కురచై, ఆవిరి అవసరానికి మించి వేడెక్కుతుంది. పంపు వేగం పెంచి దాన్ని దించాలి. వేడి తగ్గాక పంపు అదే వేగంతో తిరిగితే మరగని చుక్కలు టర్బైన్‌కు తగులుతాయి. ఒక లోడు దగ్గర చక్కగా కుదిరిన కంట్రోలరు మరో లోడు దగ్గర ఊగిసలాడటానికి కారణం ఇదే: ఎవాపరేటర్ స్పందన లోడును బట్టి మారుతుంది.

దీనికి విరుగుడు విమానరంగం నుంచి వచ్చింది. 1958లో ఎంఐటీలో విటేకర్ బృందం, ఒక నమూనాతో పోల్చుకుంటూ తన గుణకాలను తానే దిద్దుకునే అడాప్టివ్ కంట్రోలరును ప్రతిపాదించింది. ఈ పద్ధతి మీది ఉత్సాహానికి పెద్ద దెబ్బ 1967లో తగిలింది. ఎక్స్-15 విమానం కూలి పైలట్ మైకేల్ ఆడమ్స్ మరణించాడు. అడాప్టివ్ కంట్రోలరు ఊగిసలాటలో చిక్కి, విమానాన్ని తేరుకోనివ్వలేదు. ఈ పద్ధతిని మళ్లీ నిలబెట్టినది, నా దృష్టిలో, స్వీడన్‌కు చెందిన ఆస్ట్రోమ్, విట్టెన్‌మార్క్‌ల 1973 నాటి సెల్ఫ్ ట్యూనింగ్ పత్రమే. నెమ్మదిగా స్పందించే కర్మాగారాలకు అది విమానాలకన్నా బాగా నప్పింది. 1987లో క్లార్క్ బృందం రాబోయే స్పందనను ముందే లెక్కగట్టే పద్ధతిని దీనికి జోడించింది.

ఓఆర్‌సీ వైపు 2011లో కోయిలిన్ బృందం మారే వేడి మీద మూడు వ్యూహాలను పోల్చింది. పరిస్థితిని బట్టి ద్రవం మరిగే ఉష్ణోగ్రత లక్ష్యాన్నే మార్చే వ్యూహం మేలని తేలింది. అయినా ప్లాంట్లలో పీఐడీ ఇంకా పోలేదు. లోడును బట్టి దాని గుణకాలు మార్చడమే ఎక్కువగా కనిపిస్తుంది. సొంతంగా నేర్చుకునే భాగానికి హద్దులు గీస్తారు. టర్బైన్‌ను తప్పించి ఆవిరిని పక్కకు మళ్లించే బైపాస్ వాల్వును మాత్రం సాధారణంగా వేరే రక్షణ వ్యవస్థకే అప్పగిస్తారు.