ఓడ ఎక్కినవాడికే కాగితం

హైదరాబాద్ శివార్లలో అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల భూమి తగాదా ఏది లేచినా మాట చివరికి 1954-55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ దగ్గరికి రావాల్సిందే. తాత పేరు అందులో ఉంటే ఒక బలం. పట్టా గానీ కౌలు గానీ లేని తాతకు అందులో చోటే లేదు. విజయవాడ రోడ్డు వెంట వచ్చి ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో స్థిరపడ్డ కుటుంబాల్ని ముత్తాత ఊరేదని అడిగి చూడండి. పొలం ఉన్నవాళ్లు సర్వే నంబరుతో సహా చెబుతారు, లేనివాళ్లు తాత దగ్గరే ఆగిపోతారు.

అలాంటి నిరుపేదే ఒప్పంద కూలీగా సముద్రం దాటితే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, చాలాచోట్ల ఎత్తు, ఒంటిమీది మచ్చ కూడా రాసుకున్నారు. వాడిమీద ప్రేమా పాడా! పారిపోతే పట్టుకోవాలి కదా.

1832-33 డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ వెంటనే 1834 నవంబరు 2న అట్లాస్ ఓడ కలకత్తా నుంచి కూలీలతో మారిషస్ చేరింది. బానిసత్వం రద్దవుతున్న రోజులవి, చెరకు తోటలకు కొత్త చేతులు కావాలి. తెలుగువాళ్లు ఆ తర్వాత గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లారు. మారిషస్‌లో వాళ్లందరికీ ‘కోరింగీలు’ అనే పేరు పడిపోయింది. మునిమనవళ్లు కోరంగి వచ్చి వెతికితే ఏం దొరుకుతుంది? వాళ్ల పెద్దలు అక్కడ ఓడ ఎక్కారంతే.

1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 దాకా డర్బన్ ఉన్న నేటాల్‌కు వెళ్లిన భారతీయులు లక్షా యాభై వేల పైచిలుకు. ఫిజీకి 1879లోనే ఓడలు మొదలైనా, మద్రాసు రేవు నుంచి మనవాళ్లు బయల్దేరింది 1903లో. బర్మా సంగతి వేరు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో, ఒప్పంద పత్రాల్లేకుండా పోయినవాళ్లే ఎక్కువ. 1942లో జపాను బాంబులకు వేలమంది అడవుల గుండా నడిచి తిరిగొచ్చారు. పెద్దల ఊరు వెతికే పనిలో అన్నిటికన్నా గడ్డు కేసులు వీళ్లవే.

కాగితం ఉన్నా చదవడం తెలియాలి. గుమాస్తా చెవికి వినబడిందే రాశాడు. ఊరు పట్టించే ఇంటిపేరు చాలాచోట్ల రాలిపోయి, తండ్రి పేరే వంశానికి ఇంటిపేరై కూర్చుంది. కులం గడిలో కొందరు చెప్పుకోదలచుకున్నదే చెప్పుకొని ఉంటారు, నేనైతే తప్పు పట్టను. జిల్లా పేరు చూసి మోసపోకూడదు: నేటి శ్రీకాకుళం పట్టణం, అప్పటి చికాకోల్, 1936 వరకు గంజాం జిల్లాలోది. అది తెలియనివాళ్లు పాపం నేటి గంజాం ఉన్న ఒడిశాలో తిరుగుతారు. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అని పేర్లు కనిపిస్తే మాత్రం నా చూపు సింహాచలం చుట్టుపక్కలకే పోతుంది.

మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల నుంచి తీసిన ఫొటోలతో సహా. ఆ దీవిలో పుట్టిన ఫ్రెంచి రచయిత్రి నతాషా అప్పన్న 1872లో అక్కడ దిగిన తన తెలుగు పెద్దల కథను 2023లో ‘లా మెమ్వార్ దెలవే’ అనే పుస్తకంగా రాశారు.

మనకు పిచ్చుకుంట్లవాళ్లు ఉన్నారు కదా, గోత్రాలూ ఇంటిపేర్లూ నోటికి చెబుతారంటారు. నిజమే, చెబుతారు. కాని వాళ్లు చెప్పేది తమను పోషించిన రెడ్ల, కాపుల వంశాలు. కూలివాడి తాతను ఎవరు పాడతారు? ఆ కుటుంబంలో ఊళ్లో ఉండిపోయిన అన్న అనామకుడు, ఓడెక్కిన తమ్ముడికి మాత్రం కూలీల జాబితాలో నంబరుంది.

ఆడవాళ్ల విషయంలో తేడా ఇంకా కొట్టొచ్చినట్టుంటుంది. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లుండాలని ఫిజీ ఓడలకు నిబంధన. నేటాల్ జాబితాల్లోనూ ప్రతి స్త్రీకి విడిగా ఒక వరస, నంబరు, పేరు. ఇక్కడ మన ఇళ్లలో రాసుకున్న వంశవృక్షాలు ఒకసారి తీసి చూడండి: కొడుకులు, మనవలు, దత్తులు కూడా ఉంటారు, ముత్తవ్వ పేరు వెతుక్కోవాలి.