కోట గోడకు ఇవతల

విజయనగరం చూడాలని వచ్చినవాళ్లు దిగగానే కోట దారి పడతారు. అందులో వింతేమీ లేదు. విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, విజయరామరాజు శంకుస్థాపన చేశాడని చెప్పుకునే 1713 నాటి కోట అది. నాలుగు మూలలా బురుజులు, తూర్పున నగారాఖానా, ఊరి మధ్యలో కొండలా లేచిన గోడలు. ఎవరి చూపైనా అటే పోతుంది. కానీ ఈ ఊళ్లో పాత ఇళ్లు చూస్తూ నడవాలనుకునేవాళ్లకు కోట తొలి మజిలీ కాకూడదని నా వాదన. కుదిరితే దాన్ని ఆఖరుకు వదలాలి. రాజుల ఊరు ఎలా బతికిందో రాజు పడుకున్న గది చెప్పదు. రాజు దగ్గర నెల జీతం తీసుకున్నవాడి అరుగు చెబుతుంది.

ఇందుకు చరిత్రలోనే కారణముంది. కోట కట్టింది యుద్ధం కోసం. 1757లో బొబ్బిలి మీదికి కదిలిన ఇక్కడి రాజులు పూసపాటివారి సేనల రాజధాని ఇదే. పేష్కష్ (కప్పం) బకాయిల గొడవ ముదిరి, 1794 జులై 10న పద్మనాభం దగ్గర కుంపిణీ సేన చేతిలో చిన విజయరామరాజు నేలకొరగడంతో ఆ అధ్యాయం ముగిసింది. 1802 శాశ్వత శిస్తు ఒప్పందం నాటికి సంస్థానమంటే ఏటా 5 లక్షల పేష్కష్ కట్టే పెద్ద జమీందారీ. కత్తి పట్టే పని పోయింది, రాబడి మిగిలింది. ఆ రాబడిలో కొంత ఎటు మళ్లిందో పందొమ్మిదో శతాబ్దపు లెక్కలే చెబుతాయి. 1857లో బడి పెట్టారు, 1879కి అది కాలేజీ అయింది. ఈ మధ్యలోనే సంస్కృత పాఠశాల వచ్చింది. 1919లో సంగీత కళాశాల తెరిచారు. సిపాయిలకు పోయే జీతాలు పండితులకు, మేష్టర్లకు, విద్వాంసులకు పోవడం మొదలైంది. వాళ్లందరికీ కాపురాలు కావాలి. కోట చుట్టూ ఉన్న వీధులు అలా నిండాయి. అంటే ఈ ఊరి రెండో వంద సంవత్సరాల చరిత్ర గోడకు అవతల కాక ఇవతల జరిగింది.

గురజాడ అప్పారావు ఇంటిని ఈ కళ్లతో చూడండి. స్మారకంగా నిలిచిన ఆ ఇంట్లోకి జనం మహాకవిని చూసుకోవడానికి వెళతారు. ఆ గడపలో నాకు ముందుగా కనిపించేది ఒక ఉద్యోగి. మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పాడు, సంస్థానానికి శాసనాలు పరిశీలించాడు. 1897లో మహారాజు ఆనంద గజపతి పోయాక ఆయన సోదరి రీవా మహారాణికి కార్యదర్శి అయ్యాడు, ఎస్టేటు వ్యాజ్యాల కాగితాల్లో ఏళ్లు గడిపాడు. ‘కన్యాశుల్కం’ సంస్థానం కొలువులో పుట్టిన నాటకం. విశాఖ జిల్లాలో బ్రాహ్మణుల శుల్క వివాహాల జాబితా తీయించింది ఆనంద గజపతే. మూడేళ్లకు 1,034 తేలాయి. ఆ అంకె గురజాడ తన ముందుమాటలో ఇచ్చాడు, నాటకాన్ని మహారాజుకే అంకితం చేశాడు. అలాగని ఇది ఆస్థాన కవి పొగడ్త కాదు. తెర లేస్తే కనపడేది దర్బారు కాదు, బొంకులదిబ్బ. పూటకూళ్లమ్మ సంతసామానుకిచ్చిన ఇరవై రూపాయలు దిగమింగి, ఊరు దాటే ఉపాయం వెతుకుతున్న గిరీశం అక్కడుంటాడు. జీతమిచ్చిన ఊరి బండారాన్ని జీతగాడే బయటపెడితే, సంస్థానం దాన్ని సభలో ఆడించుకుని చూసింది. ఈ సంబంధం ఎంత మెలికపడిందో సింహాసనం ముందు నిలబడితే తెలియదు. కొలువు నుంచి ఇంటికి, ఇంటి నుంచి బొంకులదిబ్బకు నడిస్తే కాస్త తెలుస్తుంది.

సంగీత కళాశాల దగ్గర ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి వాయులీనం విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారన్నది ఊరంతా చెప్పే మాట. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. అయితే మహారాజు పోషణ అనే మాటను మనం మరీ ధారాళంగా వాడేస్తున్నామని నాకు అనుమానం. ఘంటసాల వెంకటేశ్వరరావు ఇక్కడికి చదువుకోవడానికి వచ్చినప్పుడు ఆదుకున్నది ఖజానా కాదు. గాత్ర పండితుడు పట్రాయని సీతారామశాస్త్రి తన ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పారు. అన్నం మధూకరం జోలెలో పడింది. రాజు కళాశాల పెట్టాడు, నిజమే. దాన్ని నడిపించిన వాటిలో గురువుగారి వసారా ఒకటి, ముద్ద పెట్టిన గుమ్మాలు మరొకటి. వారంలో ఒక్కో రోజు అన్నం పెడుతూ వారాలిచ్చిన ఇళ్లకు ఏ రికార్డులోనూ పద్దు ఉండదు. ఆ గుమ్మాలు అందరికీ తెరుచుకోలేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వారాలూ మధూకరమూ ప్రధానంగా బ్రాహ్మణ కుర్రాళ్లకు దక్కిన సదుపాయం. అంతే ప్రతిభ ఉండీ జోలె పట్టే వీలు లేని పిల్లవాడు ఈ వీధుల్లోకి రానేలేదు.

కోటను ఆఖరుకు వదలాలన్న నా వాదన మీద గట్టి అభ్యంతరమే ఉంది. కోటైనా, కోట డబ్బుతో కట్టిన పండితుడి ఇల్లైనా రైతు కట్టిన శిస్తే కదా, ఒకదాన్ని వదిలి మరొకదానికి దణ్ణం పెట్టడంలో న్యాయమేమిటి? నిజమే, ఆ డబ్బు వెయ్యికి పైగా గ్రామాల చెమట. అయితే ఈ నడకలో నేను అడుగుతున్నది దణ్ణం కాదు, జమాఖర్చు చూడమని. డబ్బు ఖర్చయిన చోటు చూస్తేనే అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది. కోట ఆ ప్రశ్నను పుట్టనివ్వదు, వైభవం కళ్లకు కమ్ముతుంది. మేష్టరు గారి రెండు గదుల పెంకుటిల్లు చూసినవాడికి మాత్రం ఈయన జీతం ఏ ఊరి ధాన్యమో అని అడగబుద్ధి పుడుతుంది.

మరో మాట కూడా అంటారు: ఆ ఇళ్లు ఇప్పుడెక్కడున్నాయి? వాటాలు పంచుకున్నారు, పడగొట్టారు, అపార్టుమెంట్లు లేపారు. నిలిచింది కోటే కదా. నిలిచిందా? 1869 నాటి మోతీమహల్ 2020లో నేలమట్టమైంది. అదే ఏడాది మూడు లాంతర్ల కూడలిలోని పాత స్తంభాన్నీ కూల్చారు. కోట 1958లో మాన్సాస్ ట్రస్టుకు వెళ్లి, లోపల కాలేజీలు వెలిశాయి. కోరుకొండ ప్యాలెస్ 1962 నుంచి సైనిక్ స్కూలు. (రాజుల ఇళ్లు తరగతి గదులు కావడాన్ని నష్టమని ఎవరూ అనరు. నేనూ అనను.) కానీ పాతది చూపించడమే గీటురాయి అయితే కోట కూడా పూర్తిగా నెగ్గదు. ఇల్లు పోయినా వీధి మలుపు ఉంటుంది. కోటకూ కాలేజీకీ ఎంత దూరమో, పొద్దున్నే ఎవరు ఎవరి గుమ్మం ముందునుంచి నడిచారో ఆ మలుపు చెబుతుంది. అందుకు గోడ మీద ఒక పలక చాలు, దాని మీద బిరుదుతో పాటు ఆ మనిషి చేసిన ఉద్యోగం పేరూ రాయాలి. ఆ లెక్కన కథకుడు చాసో పేరూ ఈ దారిలో రావాలి. శ్రీకాకుళంలో పుట్టి, దత్తుడిగా ఈ ఊరొచ్చి, సంస్థానాలు రద్దయ్యాక కూడా ఇక్కడే కథలు రాసిన మనిషి ఆయన. సంగీతం చచ్చిపోయే ఇంటి గురించి ‘వాయులీనం’ కథ రాసింది వీణలూ వయొలిన్లూ మోగిన ఈ ఊరివాడే కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఇన్ని గడపలు లెక్కపెట్టినా ఒకటి మిగిలిపోతుంది. రాజుల కాలపు ఊళ్లో సంగీతం, నాట్యం మగ విద్వాంసుల ఇళ్లలోనే ఉండేవి కావు, భోగంవారి ఇళ్లలోనూ ఉండేవి. ‘కన్యాశుల్కం’లోని వేశ్య మధురవాణిని గురజాడ ఊరికే ఊహించి రాయలేదు, ఆ లోకం ఆయన వీధికి పరాయిది కాదు. ఆ తర్వాత చట్టాలు వచ్చాయి, పరువు అడ్డొచ్చింది, ఆ కుటుంబాలు పేర్లు మార్చుకుని ఊళ్లో కలిసిపోయాయి. 1935లో ఇదే ఊళ్లో పుట్టి, ఇదే కళాశాలలో పాట నేర్చిన పి.సుశీల నాటికి ఆడపిల్ల పాడటం గౌరవమైన విద్య అయింది. ఆమెకు ముందు ఇక్కడ పాడినవాళ్ల ఇళ్లకు మాత్రం ఏ పలకా పెట్టలేం. పెట్టాలంటే ముందు ఆ ఇంటివాళ్లను అడగాలి, వాళ్లు వద్దంటే ఆ మాటకే కట్టుబడాలి. కాబట్టి ఈ దారి పటంలో ఆ ఒక్క వీధిని పేరు లేకుండా, ఖాళీగానే గీయాలి.