వికీలీక్స్ – అమెజాన్ వివాదం (2010)

అమెరికా దౌత్య కార్యాలయాల సందేశాలను బయటపెట్టిన వికీలీక్స్‌ను అమెజాన్ తన సర్వర్ల నుంచి తొలగించడంపై రేగిన వివాదం. సుమారు రెండున్నర లక్షల సందేశాల ప్రచురణ 2010 నవంబర్ 28న మొదలైంది. సెనేటర్ జో లీబర్‌మన్ సిబ్బంది ఆరా తీశాక, డిసెంబర్ 1న అమెజాన్ సేవలు ఆపేసింది. ప్రభుత్వ ఒత్తిడి కారణం కాదని, వికీలీక్స్‌కు హక్కులు లేని సమాచారాన్ని ఉంచడం తమ నిబంధనలకు విరుద్ధమని చెప్పింది. పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ వికీలీక్స్‌కు అందే విరాళాలను నిలిపివేశాయి. మద్దతుదారులు వందలాది మిర్రర్ (నకలు) సైట్లు తెరిచారు.

సందేశాల్లో పేర్లున్నవారి ప్రాణాలకు ముప్పని ఒక పక్షం, కోర్టు ఉత్తర్వు లేకుండా ప్రచురణను అడ్డుకోవడం పత్రికా స్వేచ్ఛకు గొడ్డలిపెట్టని మరో పక్షం వాదించాయి. 2011 మార్చిలో భారత్‌కు సంబంధించిన సందేశాలను 'ది హిందూ' ప్రచురించడంతో పార్లమెంటులోనూ దుమారం రేగింది. సర్వర్ల యజమానులు తలచుకుంటే ప్రచురణకర్త నోరు నొక్కవచ్చని ఈ ఉదంతం తేటతెల్లం చేసింది.