కాంటా దగ్గర తేలే లెక్క: వరి సేకరణ, సాగు ఆధునికీకరణ, ఆహార భద్రత

వ్యవసాయానికి ప్రభుత్వాలు చేస్తున్న సాయం గురించి చర్చ వచ్చినప్పుడల్లా పథకాల పేర్లే ముందు వినిపిస్తాయి. పీఎం కిసాన్, ఒకప్పటి రైతుబంధు, రైతు భరోసా, ఉచిత కరెంటు, యూరియా రాయితీ, డ్రోన్ దీదీ. అన్నీ రైతు చేతికి ఏదో ఒకటి అందించేవే. అయితే వచ్చే సీజనులో ఏ పంట వేయాలన్న నిర్ణయాన్ని వీటిలో ఏది మారుస్తోంది? ఆహార భద్రత విషయంలో తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. బియ్యం నిల్వలకు గోదాములు చాలని దేశమే వంటనూనె కోసం, పప్పుల కోసం ఓడల వైపు చూస్తోంది మరి. తెలుగు రాష్ట్రాల వరి సేకరణను ఆధారం చేసుకుని ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇంతే: పంటను మార్చేది పెట్టుబడి సాయమూ కాదు, అధికారుల సలహా అంతకన్నా కాదు; కొంటామన్న హామీ. ఆ హామీ ఇక్కడ వరికి దొరికినంతగా మరే ఆహార పంటకూ దొరకలేదు. వరికి దొరికింది కూడా ధాన్యం కాంటా ఎక్కేసరికి కొంత కరిగిపోతోంది.

హామీ ఎలా ఏర్పడింది

భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ), వ్యవసాయ ధరల కమిషన్ రెండూ 1965 జనవరిలో మొదలయ్యాయి. అప్పటికి దేశం పీఎల్-480 కింద అమెరికా పంపే గోధుమల మీద ఆధారపడి ఉంది. సి. సుబ్రమణ్యం వ్యవసాయ మంత్రిగా ఉన్న ఆ రోజుల్లో కొత్త విత్తనమూ, ధర నిలబెట్టే సంస్థలూ ఒకే ఆలోచనలో భాగంగా వచ్చాయి. పొట్టి వంగడం ఎరువు అడుగుతుంది, నీరు అడుగుతుంది. అంటే అప్పు అడుగుతుంది. పంట విరగపండిన ఏడాదే ధర పడిపోతే ఆ అప్పు మెడకు చుట్టుకుంటుంది. కొనే దిక్కు లేకుండా విత్తనం పంచితే రైతు ఒక్క సీజనుకే వెనక్కి తగ్గుతాడు.

పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో పొట్టి వరి వంగడం ఐఆర్-8 పండించి ఆ విత్తనాన్ని నలుగురికీ అందించింది ఈ కాలంలోనే. తర్వాత మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి, మళ్లీ మారుటేరు నుంచే 2000లో కాటన్‌దొర సన్నాలు వచ్చాయి. రైతుల నోట ఇవి పేర్లకన్నా నంబర్లుగానే ఎక్కువ పలుకుతాయి: 7029, 5204, 1010. ఆధునిక సేద్యం అనగానే ఇప్పుడు డ్రోను బొమ్మే వేస్తున్నారు గానీ, గత అరవై ఏళ్లలో తెలుగు నేల మీద సాగును నిజంగా మార్చింది ఈ విత్తనాలే. 2025 మేలో కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకదానికి సాంబ మసూరి, రెండోదానికి కాటన్‌దొర సన్నాలు మూలం.

పండించేవాడికి హామీ అలా వచ్చింది. తినేవాడికి హామీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో 2 రూపాయల బియ్యంతో గట్టిపడింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు నెలకు మనిషికి 5 కిలోల తిండిగింజలను హక్కు చేసింది. 2023 జనవరి నుంచి అవి ఉచితం. ఒకవైపు కొనే సర్కారు, మరోవైపు పంచే సర్కారు. ఈ రెండింటి మధ్య తెలంగాణ మెట్ట పల్లెల జొన్న గటక, జొన్న రొట్టె వెనక్కి జరిగాయి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1990లలోనే జొన్నలతో తమ సొంత ధాన్య నిధి పెట్టుకుని వేరే దారి చూపించారు. ఆ నమూనాను రాష్ట్రమంతటికీ విస్తరించాలని ఏ ప్రభుత్వమూ అనుకోలేదు.

జొన్న సంగతి ఇక్కడ ఒక ముఖ్యమైన సాక్ష్యం. 2025-26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. కాగితం మీద జొన్న ధరే ఎక్కువ. దిగుబడి తేడాను లెక్కలోకి తీసుకున్నా, రైతు జొన్న వైపు రాకపోవడానికి ఇంకో కారణం మిగిలే ఉంటుంది: వరికి ప్రతి సీజనులో, దాదాపు ప్రతి ఊరి దగ్గర కొనుగోలు కేంద్రం తెరుస్తారు, జొన్నకు తెరుస్తారో లేదో పంట చేతికొచ్చాక గానీ తెలియదు. ధర ప్రకటించడం వేరు, కొనడం వేరు. 2015లో శాంతకుమార్ కమిటీ దేశంలో మద్దతు ధరకు ప్రభుత్వానికి అమ్ముకోగలుగుతున్న రైతులు 6 శాతమేనని చెప్పింది ఈ తేడా గురించే.

మూడు సందర్భాలు

తెలంగాణలో వరి సేకరణ 2014-15లో సుమారు 24 లక్షల టన్నులు. 2020-21కి అది 141 లక్షల టన్నులు దాటింది. చెరువుల పూడికతీత, కాళేశ్వరం నీళ్లు, 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు, ఎకరం లెక్కన పెట్టుబడి సాయం, వీటిలో దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. అయితే ఇవన్నీ ఏ పంటకైనా పనికొచ్చే సాయాలే. వాటి ఫలితం వరిగానే ఎందుకు పోగుపడిందన్నది చూడాలి. నాలుగైదేళ్ల వ్యవధిలో రాష్ట్రం మూడుసార్లు పంటను మార్చాలని చూసింది. ఏ పరిశోధకుడూ ఇంత పెద్ద ఎత్తున ప్రయోగం పెట్టలేడు.

మొదటిది 2020 వానాకాలం నాటి నియంత్రిత సాగు. మక్క వద్దు, దొడ్డు వడ్లు తగ్గించి సన్నాలు వేయండి, తెలంగాణ సోనా వేయండి అని ప్రభుత్వం చెప్పింది. రైతులు చాలామంది మాట విన్నారు. సన్న రకానికి పురుగు, తెగులు బెడద ఎక్కువ, మందుల ఖర్చూ ఎక్కువ, దొడ్డు రకాలతో పోలిస్తే దిగుబడి తక్కువ. అక్టోబరు వానలు మిగిలినదాన్ని దెబ్బతీశాయి. కొనుగోలు కేంద్రంలో మాత్రం సన్నాలకు ప్రత్యేకమైన ధరంటూ లేదు, ఏ-గ్రేడు ధరే. క్వింటాకు 2,500 ఇవ్వాలని రోడ్డెక్కినా ఫలితం లేకపోయింది. ఆ డిసెంబరు చివరికల్లా నియంత్రిత సాగును ఎత్తేశారు.

రెండోది 2021-22 యాసంగి. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అంది. ఏప్రిల్, మే ఎండలకు కోతకొచ్చే వడ్ల గింజలో పగుళ్లు పడతాయి. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. ఎఫ్‌సీఐ అప్పట్లో పచ్చి బియ్యంలో నూకకు 25 శాతం వరకే ఒప్పుకునేది. క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం అప్పజెప్పాలన్న లెక్క మిల్లరుకు ఎలాగూ ఉంది. నష్టం ఎవరు భరించాలన్న దగ్గర కేంద్రం, రాష్ట్రం, మిల్లరు ముగ్గురూ చేతులెత్తేశారు. యాసంగిలో కొనుగోలు కేంద్రాలు తెరవబోమని రాష్ట్రం ప్రకటించింది. వరి విస్తీర్ణం తగ్గింది. హామీ పోతే పంట తగ్గుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయినా లక్షల ఎకరాల్లో నాట్లు పడ్డాయి. కాలువ కింద, చెరువు కింద ఊటెక్కిన మడిలో శనగో నువ్వులో వేయమంటే ఆ నేల ఒప్పుకోదు. చివరికి 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు, మర్నాడే ధాన్యం కొంటామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ప్రభుత్వ మాట విని పొలం బీడు పెట్టిన రైతుకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఈ సంగతి విధాన పత్రాల్లో కనిపించదు. మాట విన్నవాడు నష్టపోయిన జ్ఞాపకం మాత్రం పల్లెలో చాలా కాలం పనిచేస్తుంది.

మూడోది 2024 వానాకాలం. ఈసారి ప్రభుత్వం సన్నాలు వేయమని చెప్పి ఊరుకోలేదు, క్వింటాకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. సన్నాల సాగు పెరిగింది. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టగలిగారంటే ఆ ధాన్యమే ఆధారం. బోనస్ సొమ్ము ఖాతాలో పడటం ఆలస్యమైన సీజన్లలో ఇదే నమ్మకం ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే విషయం. మొత్తం మీద 2020లో సలహా, 2021లో హెచ్చరిక నిలకడగా చేయలేని పనిని 2024లో ఒక అంకె చేసింది.

పదిహేడు శాతం తేమ

ఇక హామీ ఉన్న వరి దగ్గరే అది ఎలా తరుగుతుందో చూడాలి. దీనికి మూలం ఆధునిక యంత్రంలోనే ఉండటం విచిత్రం.

కొడవలి కోతల కాలంలో కోసిన పనలు చేనులోనే నాలుగు రోజులు ఎండేవి. తర్వాత మోపు కట్టి కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చేవారు. గింజ కల్లానికి వచ్చేసరికే చాలావరకు ఆరిపోయేది. పైగా ఒక్కో ఇంటి కుప్ప ఒక్కో వారంలో నూర్పిడికి వచ్చేది. ఇప్పుడు హార్వెస్టర్ గంటా గంటన్నరలో ఎకరం కోసి, పచ్చి గింజను నేరుగా ట్రాక్టర్లో పోస్తోంది. కూలీలు దొరకని రోజుల్లో ఇది పెద్ద ఊరటే, దాన్ని కాదనలేం. కానీ ఊరంతా పది రోజుల్లో కోత ముగించుకుంటుంది, ధాన్యమంతా ఒకేసారి కేంద్రానికి వస్తుంది, అదీ తడిగా. నాణ్యతా ప్రమాణం ప్రకారం తేమ 17 శాతం మించకూడదు.

కొనుగోలు కేంద్రంలో ఉండే తేమ మీటరు అరచేతిలో పట్టేంత పెట్టె. గుప్పెడు గింజలు అందులో పోసి బిగిస్తే తెర మీద అంకె పడుతుంది. 17 లోపు వస్తే టోకెన్ వరస, గోనె సంచులు, కాంటా, హమాలీలు, లారీ. 19 వస్తే మళ్లీ ఆరబోత. రైతు కుప్పలో ఏ పక్క నుంచి గింజ తీశారన్న దాని మీద ఆ అంకె మారుతుంది కాబట్టి, అడుగున గింజ తీస్తే ఒప్పుకోనని రైతు, పైన గింజ తీస్తే ఒప్పుకోనని నిర్వాహకులు వాదులాడుకోవడం అక్కడ మామూలు దృశ్యం. రోడ్డు మీద ఒక పక్క వడ్లు పోసి, రాత్రి టార్పాలిన్ కప్పి కాపలా పడుకోవడం, అకాల వానకు మొలకలొచ్చిన కుప్పను చూసి తలపట్టుకోవడం యాసంగిలో ఏటా ఉండేదే.

కాంటా అయిపోయాక కూడా పని ముగిసినట్టు కాదు. మిల్లు దగ్గర లారీ దిగుమతి చేసుకునేటప్పుడు తాలు ఉందని, తేమ ఉందని, తరుగు తీయాలంటారు. తెలంగాణలో 40 కిలోల బస్తాకు సంచి బరువు కింద అర కిలో పైచిలుకు తీస్తే అది న్యాయమే. దాని మీద బస్తాకు మరో 2 కిలోలు పోయాయనుకుందాం. అంటే 5 శాతం. ఎకరాకు 25 క్వింటాళ్లు పండించిన రైతు 2,369 రూపాయల ధర మీద సుమారు 2,960 రూపాయలు వదులుకున్నట్టు. రైతు భరోసా కింద ఎకరాకు సీజనుకు వచ్చే 6 వేలలో ఇది దాదాపు సగం. ఒక పథకం ఇచ్చినదాన్ని మరో పథకం అమలు తీరు వెనక్కి తీసుకుంటోంది. రెండూ ఒకే ప్రభుత్వానివి.

ఈ తరుగుకు మందు కొత్త పెట్టుబడి సాయంలో లేదు. కోత యంత్రానికి, డ్రోనుకు రాయితీ ఇచ్చిన చేత్తోనే ఆరబెట్టే యంత్రానికీ కేంద్రాల దగ్గర చోటివ్వాలి. డ్రయ్యర్లు అసలు లేకపోలేదు, వచ్చే ధాన్యం ముందు అవి తక్కువ. సిమెంటు కల్లం, డ్రయ్యరు, ప్యాడీ క్లీనర్ బడ్జెట్ ప్రసంగంలో చెప్పుకునేంత ఘనమైనవి కావు. అందుకే వాటి వంతు వెనక పడిందని నా అనుమానం. ఐకేపీ మహిళా సంఘాలకు సేకరణ అప్పగించడం ఈ వ్యవస్థలో జరిగిన మంచి మార్పుల్లో ఒకటి. 2015లో మిల్లర్ల నుంచి బియ్యం తీసుకునే లెవీ పద్ధతి రద్దయ్యాక ఈ కేంద్రాల మీద బరువు ఇంకా పెరిగింది. కానీ లారీ ఎప్పుడొస్తుందో, మిల్లరు ఎంత కోస్తాడో ఆ మహిళల చేతిలో లేదు. నిందలు మాత్రం వాళ్లకే.

కౌలుదారు సంగతి మరీ అన్యాయం. గోదావరి డెల్టాలో పొలం దున్నేది ఒకరు, పట్టా ఇంకొకరిది. 2011లో ఒక చట్టం, 2019లో మరో చట్టం వచ్చినా, కౌలు కార్డు ఇప్పించడానికి భూయజమాని జంకుతాడు. ఎకరం లెక్కన ఇచ్చే సాయం పట్టాదారుకు పోతుంది. ధాన్యం కూడా అతని ఖాతా మీదే అమ్ముకోవాల్సి వస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టినప్పుడు గిట్టుబాటు లేదన్న మాటే ముందు వినిపించింది. కౌలు కట్టి సాగు చేసేవాడికి గిట్టుబాటు లెక్క ఇంకా బిగుసుకుంటుందని వేరే చెప్పనక్కర్లేదు.

నిల్వలున్న చోట కొరత

ఇంతా చేసి సేకరించిన బియ్యం ఎక్కడికి పోతోంది? జులై 1 నాటికి కేంద్ర నిల్వల్లో ఉండవలసిన బియ్యం 135.4 లక్షల టన్నులు. 2025 జులై నాటికి ఉన్నది అంతకు రెండింతలకు పైనే. గోదాములు ఖాళీ కావాలి కాబట్టి 2024-25లో 52 లక్షల టన్నులు ఇథనాల్ తయారీకి కేటాయించారు, క్వింటాకు 2,250 రూపాయల చొప్పున. ఆ బియ్యం సేకరించి నిల్వ చేయడానికి ఎఫ్‌సీఐకి పడే ఖర్చు క్వింటాకు సుమారు 4 వేలు. అంతకు ముందు 2023 జులైలో ధరలు పెరుగుతాయన్న భయంతో బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి ఆపేశారు. అమెరికాలో తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాలకు పరుగెత్తిన దృశ్యాలు అప్పుడే టీవీల్లో చూశాం. నిషేధం 2024 సెప్టెంబరు దాకా నడిచింది. ఏడాది తిరిగేలోగా అవే గింజలు ఇంధనం కింద మారాయి.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. బియ్యం కొదవ లేని రెండు రాష్ట్రాల అంకెలివి. పళ్లెంలో లేనిది పప్పు, నూనె, కూర.

హామీ ఉంటే ఇతర పంటలకూ రైతు వస్తాడనడానికి ఆయిల్ పామ్ ఒక ఉదాహరణ. ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్టలో, అశ్వారావుపేట చుట్టుపక్కల ఈ తోటలు నిలదొక్కుకోవడానికి కారణం మొక్కల రాయితీ ఒక్కటే కాదు. ఫలానా మండలాల గెలలు ఫలానా ఫ్యాక్టరీ కొని తీరాలి, ధరకు ఒక సూత్రం ఉంటుంది. నీరు బాగా తాగే ఈ పంట అన్ని నేలలకూ తగదన్న అభ్యంతరం సరైనదే. ఇక్కడ గమనించవలసింది కొనుగోలు ఏర్పాటును.

కంది కథ దీనికి ఎదురు. 2015లో ధర ఆకాశానికంటింది, 2016-17లో రైతులు విపరీతంగా వేశారు, దేశంలో పప్పుధాన్యాల ఉత్పత్తి 230 లక్షల టన్నులకు చేరింది. దిగుమతులూ ఆగలేదు. 2017లో మార్కెట్ ధర మద్దతు ధర కన్నా కిందికి జారింది. 2025 బడ్జెట్‌లో ప్రకటించిన పప్పుధాన్యాల మిషన్ కంది, మినుము, మసూర్‌లను రైతులు ఎంత తెస్తే అంతా నాలుగేళ్ల పాటు సహకార సంస్థలైన నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ కొంటాయంటోంది. వరికి 1965లో మొదలైన ఏర్పాటుకు దగ్గరగా పప్పులకు వచ్చిన మాట ఇది. తాండూరు కంది రైతుకు అది నిజమా కాదా అన్నది పంట చేతికొచ్చే వారాల్లోనే తేలాలి. దళారి అప్పటికే కల్లం దగ్గర నిలబడి ఉంటాడు. ఏ మండలంలో ఎన్ని కేంద్రాలు, ఏ తేదీన తెరిచారు, ఎంత తరుగు తీశారు, ఎన్ని రోజులకు డబ్బు పడింది, కౌలుదారు పేరు మీద ఎంత కొన్నారు అన్న వివరాలు ఈ నాలుగేళ్లూ కేంద్రాల వారీగా బయటపెట్టాలి. విస్తీర్ణం పెరిగిందా లేదా అన్న లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు.